తొమ్మిదో నంబరు మనిషి

శుక్రవారం పదకొండు గంటలకు విశాఖపట్నంలో ఎనిమిదిమంది డాక్టర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆదాము తల తెరవాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. తెరవాలంటే ఎక్కడ తెరవాలో ఎవరో ఒకరు వేలుపెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఫైలు మూసి ఇంటికి పంపేస్తారు.

ఈ రోజు సోమవారం.

విజయనగరంలోని ఆ చిన్న ఆసుపత్రిలో, ఎమ్మారై గది బయట బెంచీ మీద ఆదాము కూర్చుని ఉన్నాడు. ముప్ఫై రెండేళ్లవాడు. కళింగపట్నంలో చేపలవేట అతని పని. పక్కన భార్య సత్యవతి. అతని ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ముచ్చటకి కాదు. మూర్ఛ వచ్చేముందు మొదట కదిలేది ఆ చెయ్యే. వేళ్లు ముడుచుకుంటాయి, మోచెయ్యి తనంతట తాను పైకి లేస్తుంది, తల ఎడమవైపు తిరుగుతుంది. ఆ తర్వాత ఆదాము అక్కడ ఉండడు. ఒళ్లు మాత్రం కొట్టుకుంటుంది.

ఆరు నెలల్లో రెండుసార్లు బోటు మీంచి సముద్రంలో పడ్డాడు. మొదటిసారి జుట్టు పట్టి లాగారు. రెండోసారి బావమరిది గంగులు దూకి తీశాడు. మూడు రకాల మాత్రలు మార్చారు, ఏదీ పనిచెయ్యలేదు. ఇక మిగిలింది ఆపరేషనే. కానీ ఇంతకు ముందు తీసిన రెండు స్కానుల్లోనూ ఒకటే మాట రాశారు. మెదడులో ఏ లోపమూ లేదు.

“తల శుబ్బరంగా ఉన్నాదంటే సంతోషించాల గానీ, మొకం అలాగెట్టుకుంటావేటే?” అన్నాడు ఆదాము.

“శుబ్బరంగా ఉన్నోడివి నీల్లలో ఎందుకు పడతన్నావు మరి?”

“సేపలకి నానంటే ఇష్టం.”

సత్యవతి అతని చేతి మీద ఒక్కటి వేసింది. వేసి, మళ్లీ అదే చేతిని పట్టుకుంది.

తలుపు తీసుకుని స్టాన్లీ వచ్చాడు. ఎమ్మారై యంత్రం నడిపేది అతనే. నలభై ఒక్క ఏళ్లు. ఆదాముకి పెద్దమ్మ కొడుకు. తమ్ముణ్ణి ఇక్కడికి తీసుకొచ్చింది, ఈసారి సన్నటి ముక్కలుగా స్కాను తీసింది, దాన్ని ఒక మనిషికి చూపిస్తానని మాటిచ్చింది అతనే.

“రండి. మేడమ్ పిలుస్తన్నాది,” అన్నాడు.

ఆ మేడమ్ పేరు ప్రిస్కిల్లా. ఇరవై ఎనిమిదేళ్లు. శృంగవరపుకోట నుంచి రోజూ బస్సులో వస్తుంది. విజయనగరంలోనే లెక్కలు చదివి, బెంగళూరులో ఒక పరిశోధనశాలలో మూడేళ్లు మెదడు బొమ్మల మీద పనిచేసి, ఈ ఆసుపత్రిలో ఒక ప్రాజెక్టు వచ్చిందని తెలిసి వెనక్కి వచ్చింది. ఆమె గది ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకునే గది. ఫినాయిలు వాసన ఇంకా పోలేదు. రెండు కంప్యూటర్లు, కరెంటు పోతే కాపాడే బ్యాటరీలు, గోడకి ఒక క్యాలెండరు. కుర్చీ ఫ్యాను కిందికి జరిపే వీలు లేక కంప్యూటర్లకే గాలి తగులుతుంది, ఆమెకి తగలదు.

“వందనాలు మేడమ్,” అంది సత్యవతి.

“వందనాలక్కా. కూర్చోండి. నేను డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నాను. లెక్కలు చేస్తాను, అంతే.”

“లెక్కలతో మూర్ఛ తగ్గుతాదేటి?” అన్నాడు ఆదాము.

“తగ్గదు. ఎక్కడుందో దొరకొచ్చు.” ఆమె తెర తిప్పింది. బూడిదరంగులో ముడతలు ముడతలుగా ఒక మెదడు కనిపించింది. “ఇది మీదే. దీని పైన ఒక పొర ఉంటాది. రెండు మూడు మిల్లీమీటర్ల మందం. మూర్ఛ ఉన్నవాళ్లలో కొంతమందికి పుట్టుకతోనే ఆ పొర ఒక్కచోట సరిగ్గా పేరుకోదు, కాస్త దళసరిగా ఉండిపోతాది. చింతగింజంత చోటు. మడత అడుగున ఉంటే కంటికి దొరకదు. అందుకని పొర మీద ఒక వల పరుస్తాను. ఒక్కో పక్కకి లక్షన్నర ముళ్లు. ప్రతి ముడి దగ్గరా మందం ఎంతో కొలుస్తాను.”

వల అనగానే ఆదాము ముందుకి జరిగాడు. “వల కన్నెంతుంటాది?”

“మిల్లీమీటరు.”

“దోమల వేటకేటి?”

ప్రిస్కిల్లా నవ్వింది. “మీరు నాకో సంగతి చెప్పాలి. ఒడ్డున వల కుప్పగా పోసి ఉంటాది కదా. కుప్పలో ఒకదానికొకటి ఆనుకున్న రెండు ముళ్లున్నాయనుకోండి. వల పరిస్తే అవి పక్కపక్కనే ఉంటాయా?”

“ఎందుకుంటాయి? ఒకటి ఈ కొసని, ఒకటి ఆ కొసని ఉండొచ్చు. ముడికి పక్కముడి ఏదో దారం సెప్పాల గానీ కుప్ప సెప్పదు.”

“అదే. ఒక్క ముడి కొలత నమ్మడానికి లేదు, యంత్రానికి వణుకుంటాది. అందుకని ప్రతి ముడి కొలతనీ చుట్టుపక్కల ముళ్లతో కలిపి సగటు తీసి నునుపు చేస్తాం. చాలామంది కుప్పని పట్టుకుని నునుపు చేసేస్తారు. మడతకి ఈ గోడ, ఆ గోడ కలిసిపోతాయి. రోగమున్న ముడి, లేని ముడి ఒకటైపోతాయి. నేను దారం వెంటే వెళ్తాను.”

ఆదాము భార్యవైపు తిరిగాడు. “ఈవిడ మన మనిషేనే,” అన్నాడు.

స్టాన్లీ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. అతని ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఆసుపత్రిలో అందరూ అది అతని స్టైలు అనుకుంటారు.

*

కంప్యూటరు ఆ వల అల్లడానికి ఒక రాత్రి పడుతుంది. మంగళవారం పొద్దున్న ప్రిస్కిల్లా టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి పనిలో కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి స్టాన్లీ వచ్చి చూస్తే డబ్బా మూత తియ్యలేదు.

ఆమె ఏం చేస్తోందో అతను ఏడాదిగా చూస్తున్నాడు. అయినా ఆగి చూడాలనిపిస్తుంది. యంత్రం అల్లిన వలని ఆమె నమ్మదు. రెండు వందల యాభై ముక్కలు, ఒక్కోటీ తెరిచి, గీత పొర అంచు మీదే వెళ్తోందా లేదా అని చూస్తుంది. ఒకచోట కంప్యూటరు రక్తనాళాన్ని మెదడనుకుని దాని మీంచి కూడా వల పరిచేసింది. ఆమె అక్కడ చుక్కచుక్కగా చెరిపింది. ఇంకోచోట మడత అడుగుదాకా వెళ్లకుండా సగంలోనే మళ్లిపోయింది. చుక్కచుక్కగా కలిపింది. దీన్నెవరూ మెచ్చుకోరు. ఎవరికీ కనిపించదు కూడా. ఇలాగే ఏడాదిలో ఇరవై మంది ఆరోగ్యవంతుల మెదళ్లు సరిచేసి పెట్టింది. మామూలు మనిషి పొర ఎక్కడ ఎంత మందం ఉంటుందో తెలియాలంటే ఆ ఇరవై మందే కొలబద్ద.

వాళ్ల పేర్లు ఆమెకి తెలియవు. ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లే. పేర్ల రిజిస్టరు స్టాన్లీ సొరుగులో, తాళం కింద ఉంటుంది. ఆ నియమం ఆమె పెట్టిందే. “మొహం తెలిస్తే చెయ్యి అటు లాగుతుంది అన్నా,” అంది అప్పట్లో.

సోమవారమే నోటుబుక్కులో రెండు వాక్యాలు రాసుకుంది. నునుపు: పది మిల్లీమీటర్లు. హద్దు: మూడు.

బుధవారం పదింటికి లెక్క మొదలుపెట్టింది. స్టాన్లీ స్కానుల మధ్య తీరిక చేసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు.

లెక్క చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి ముడి దగ్గరా ఇరవై మంది సగటు మందం ఎంతో చూడాలి. ఆదాము మందంలోంచి దాన్ని తీసెయ్యాలి. ఆ ఇరవై మంది తమలో తాము ఎంత తేడాగా ఉంటారో ఆ అంకెతో భాగించాలి. వచ్చింది మూడు దాటితే విశాఖ డాక్టర్లు తల తిప్పి చూస్తారు. దాటకపోతే చూడరు. మూడు లక్షల ముళ్లకీ ఇదే పని.

నునుపు చెయ్యకుండా ముందోసారి చూపించింది. మెదడు నిండా కారప్పొడి చల్లినట్టు ఎర్ర చుక్కలు.

“ఇన్నా?” అన్నాడు స్టాన్లీ.

“ఇవన్నీ యంత్రం వణుకు. ఇప్పుడు చూడండి.”

దారం వెంట పది మిల్లీమీటర్లు నునుపు చేసింది. చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కుడివైపు ముందుభాగంలో ఒక మడత అడుగున ఒక్కటి మిగిలింది. చింతగింజంత. పసుపు రంగులో ఉంది, ఎరుపులో లేదు. ఆమె దానిమీద బాణం గుర్తు పెట్టి అంకె చదివింది.

“రెండు పాయింట్ ఏడు.”

స్టాన్లీ నోటుబుక్కులో రాసున్న ‘మూడు’ వైపు చూశాడు.

“నునుపు కాస్త తగ్గించి సూడు. ఎనిమిది పెట్టు,” అన్నాడు స్టాన్లీ.

“పదని ముందే రాసుకున్నాను.”

“రాసుకున్నది నువ్వే కదా.”

“నేనే కాబట్టే మార్చకూడదు అన్నా. అంకె నచ్చలేదని గిన్నె మార్చి కొలిస్తే అది కొలత ఎలా అవుతుంది?”

రెండు పాయింట్ ఏడుతో ఎవరూ పుర్రె తెరవరు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఆమె కళ్లజోడు తీసి చున్నీ అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. అప్పుడు ఇంకో పని చేసింది. ఆ ఇరవై మందిలో ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టి, మిగిలిన పందొమ్మిది మందితో లెక్క మళ్లీ చేసింది. కొలబద్ద తిన్నగా ఉందో లేదో చూసుకునే పద్ధతి అది. ఒకటో మనిషిని తీస్తే రెండు పాయింట్ ఆరు. రెండో మనిషిని తీస్తే రెండు పాయింట్ ఏడు. మూడు, నాలుగు, అయిదు... అంకె కదలలేదు.

తొమ్మిదో మనిషిని తీసింది.

పసుపు చోటు ఎర్రబడింది. నాలుగున్నర.

ప్రిస్కిల్లా కుర్చీలో నిటారుగా కూర్చుంది. తొమ్మిదో మెదడు తెరిచి అదే మడత దగ్గరికి వెళ్లింది. “చూడండి. మిగిలిన పందొమ్మిది మందికీ ఇక్కడ రెండున్నర, కాస్త అటూ ఇటూ. ఆదాముకి మూడు పాయింట్ నాలుగు. తొమ్మిదో మనిషికి మూడు పాయింట్ ఆరు. ఈ ఒక్కరి వల్ల సగటు పెరిగింది. అంతకంటే ఎక్కువగా తేడా పెరిగింది. ఆదాము రోగం ఈ మనిషి వెనక దాక్కుంది.”

“అయితే ఆ మనిసిని తీసీ.”

“ఊరికే ఎలా తీస్తాను? రిజిస్టరు చూసి రండి. పేరు చెప్పొద్దు. ఫారంలో ఫిట్స్ గానీ, తలకి దెబ్బ గానీ రాసుందా అన్నది చెప్పండి చాలు.”

*

స్టాన్లీ తన గదికి వెళ్లి సొరుగు తాళం తీశాడు. ఇరవై మంది పేర్లు తానే రాశాడు గానీ నంబర్లు చీటీలు తీసి వేసినవి, ఎవరిది ఏదో గుర్తులేదు. వేలు కిందికి జరిపాడు. ఏడు. ఎనిమిది.

తొమ్మిది: కె. స్టాన్లీ.

వేలు అక్కడే ఆగిపోయింది.

ఏడాది కిందట ఇరవై మందిని పోగుచేసింది అతనే. శ్రీకాకుళం దారిలో వాళ్ల బాప్టిస్టు చర్చి ఉంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వెనక హాల్లో టీ ఇచ్చేచోట బల్ల వేసుకుని కూర్చున్నాడు. ఫారంలో ప్రశ్నలు పైకి చదివాడు. “ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?” చుట్టూ గాయక బృందం, అత్తలు, పిన్నులు, సంఘ పెద్దలు. అందరూ ఒకరికొకరు చుట్టాలే. అందరూ లేదన్నారు. పందొమ్మిది మంది అయ్యారు, ఒకరు తగ్గారు. “నువ్వే పడుకోరా, నీకేటి రోగం?” అన్నారెవరో. పక్కన వాళ్లమ్మ ఉంది. స్టాన్లీ తన ప్రశ్న తానే చదువుకుని తానే ‘లేదు’ అని రాశాడు.

అబద్ధం రాస్తున్నానని కూడా అనుకోలేదు. ఆ మాట అనడం అతనికి అంత అలవాటైపోయింది.

పదేళ్ల వయసులో మొదలైంది. బడిలో లెక్కల పీరియడులో ఎడమ చెయ్యి దానంతట అదే లేచింది. జవాబు తెలుసేమో అనుకుని మాస్టారు లేపారు. లేచి, కింద పడ్డాడు. వాళ్లమ్మ బైబిలు మీద అతని చెయ్యి పెట్టించి, ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించింది. పద్నాలుగేళ్లకి వాటంతట అవే ఆగిపోయాయి. ఇరవై ఏడేళ్లయింది. అమ్మ మొన్న వేసవిలో పోయింది. భార్య కృపారాణికి కూడా తెలియదు. ఉద్యోగమిచ్చిన వాళ్లకి అసలే తెలియదు. ఫిట్స్ వచ్చిన మనిషిని ఎమ్మారై అయస్కాంతం గదిలో పనికి ఉంచుతారో ఉంచరో అతనికి తెలియదు. ఎవరినీ అడగలేదు.

రిజిస్టరు మూశాడు. తాళం వేశాడు. వెనక్కి వెళ్లాడు.

“ఏటీ నేదు. అన్నిటికీ లేదనే రాసున్నాది,” అన్నాడు.

ఆమె తల ఊపింది. తొమ్మిదో మనిషిని మళ్లీ లెక్కలో కలిపింది. పసుపు చోటు, రెండు పాయింట్ ఏడు.

“అదేటి, మళ్లీ కలిపీసినావు?”

“తియ్యడానికి కారణం లేదు కదా.”

“తీస్తే రోగం కనిపిస్తన్నాది. అది సాలదేటి?”

“అది కారణం కాదు, ఆశ. ఈ రోజు నాక్కావలసింది వచ్చిందని ఒకర్ని తీస్తాను. రేపు ఇంకొకరి తల వస్తుంది. అప్పుడూ కావలసింది వచ్చేదాకా ఒక్కొక్కర్ని తీస్తాను. ఎవరి తలలోనైనా ఏదో ఒకటి చూపించొచ్చు అలా. డాక్టరు నన్ను నమ్మి రోగం లేని మంచిచోట కత్తి పెడతాడు.” ఆమె గొంతు పెంచలేదు. కానీ కళ్లజోడు మళ్లీ తీసింది, తుడవడం మర్చిపోయి చేతిలో పట్టుకుంది. “నాకూ ఇష్టం లేదన్నా. రెండు పాయింట్ ఏడనే పంపిస్తాను. హద్దు దాటలేదని రాస్తాను.”

స్టాన్లీ ఫోను మోగింది. ఆదాము.

“అన్నా, శుక్రవారం నానూ రావాలా?”

“వద్దురా. కాయితాలు నేనే తీసుకెళ్తాను.”

“వద్దంటే వద్దనే సెప్పు, దాచకు. కుదరదంటే శనివారం నుంచి బోటెక్కీస్తాను. ఎన్నాళ్లని ఒడ్డున కూకోబెట్టి మేపుతాది అది?” వెనక నుంచి సత్యవతి గొంతు వినిపించింది. “ఎక్కు. నడుముకి తాడు కట్టి ఆ కొస నా సేతిలో ఎట్టుకుంటాను, మేకలాగ.” ఆదాము నవ్వాడు. ఫోను పెట్టేశాడు.

స్టాన్లీ ఫోను జేబులో వేసుకోబోయాడు. ఎడమ జేబులో చెయ్యి ఉంది. ఆ చేతిని బయటికి తీసి చూసుకున్నాడు.

ప్రిస్కిల్లా రిపోర్టు రాస్తోంది. అంకె దాకా వచ్చింది.

“ప్రిస్కిల్లమ్మా.”

“ఊఁ?”

“తొమ్మిది నేనే.”

టైపు చేస్తున్న వేళ్లు ఆగాయి.

“ఫారంలో అబద్దం రాసినాను. పదేళ్లప్పుడు మొదలైనాయి. పద్నాలుగేళ్లకి ఆగిపోనాయి.”

“ఏ చెయ్యి?”

స్టాన్లీ ఎడమ చెయ్యి ఎత్తాడు. క్లాసులో ఎత్తినట్టే.

ఆమె అతని చేతివైపు చూసింది. తెర మీద కుడివైపు మడతని చూసింది. ఎడమ చేతిని నడిపేది మెదడులో కుడివైపే. “ఆదాము మీకేమవుతాడన్నారు?”

“మా అమ్మా, వాళ్లమ్మా సొంత అక్కచెల్లెళ్లు.”

తిడుతుందనుకున్నాడు. జాలిపడుతుందేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాడు. ఆమె రెండూ చెయ్యలేదు. అల్మారాలోంచి ఏడాది నాటి నోటుబుక్కు తీసి మొదటి పేజీ తెరిచింది. ఇరవై మందిని ఎంచుకోకముందు రాసిన నియమాలు. మూడోది: ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవారిని చేర్చకూడదు.

“ఇది నేను మీ తమ్ముడి పేరు వినకముందు రాసిన వాక్యం. ఇప్పుడు తీసెయ్యొచ్చు. తీసెయ్యాలి కూడా.” కాగితం, పెన్ను అతని ముందు పెట్టింది. “ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, రాసివ్వండి. సంతకానికి బదులు నంబరే వెయ్యండి, పేరొద్దు.”

నాలుగు వాక్యాలు అయ్యాయి. ఇరవై ఏడేళ్లు దాచింది అర పేజీ కూడా నిండలేదు.

ఆమె చదివి, ఫైల్లో పెట్టి, అతనివైపు తిరిగింది. “ఇప్పుడింకో చిక్కు. మీరు దాచారు. మిగిలిన పందొమ్మిది మంది దాచలేదని ఏంటి నమ్మకం? హాల్లో అందరి ముందూ అడిగారు కదా.”

“టీ తాగుతా అడిగినాను.”

“అందరికీ మళ్లీ ఫోన్ చెయ్యండి. ఒక్కళ్లే ఉన్నప్పుడు అడగండి. ముందు మీ సంగతి చెప్పి అడగండి. చెప్పడం మీకిష్టమైతేనే.”

ఇష్టమా కాదా అని స్టాన్లీ ఆలోచించలేదు. ఆలోచిస్తే చెయ్యలేనని తెలుసు.

*

గురువారం పొద్దున్నంతా ఫోన్లు. మొదటి ఫోనుకి ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని చదివాడు. ఆరో ఫోనుకి మాటలు వాటంతట అవే వచ్చాయి. నర్సు పద్మకుమారి మొత్తం విని, “నాకు ఫిట్స్ ఏటన్నా, నన్ను సూస్తే మా ఆయనకి వస్తాయి,” అంది. బెన్హర్ అనే టైలరు మాత్రం కుట్టు మిషను ఆపి వీధిలోకి వచ్చి, తనకి లేదు గానీ ఇంట్లో ఒకరికి ఉందని, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలో చెప్పమని అడిగాడు. పందొమ్మిది మందిలో ఎవరికీ లేదు. కొలబద్ద నిలిచింది.

మధ్యాహ్నం ప్రిస్కిల్లా లెక్క మొదటి నుంచి చేసింది. నునుపు పది. హద్దు మూడు. మూడు లక్షల ముళ్లలో హద్దు దాటినచోటు ఒకటే. నాలుగున్నర. రిపోర్టులో మొదటి వాక్యం అంకె గురించి కాదు. ఒక మనిషిని ఎందుకు తీసెయ్యాల్సి వచ్చిందో, తియ్యకముందు ఎంత వచ్చిందో రాసింది.

“అదెందుకు ముందు? వాళ్లు అక్కడే అనుమానపడతారు,” అన్నాడు స్టాన్లీ.

“పడాలి. పడి, చదివి, అప్పుడు ఒప్పుకోవాలి.”

ఆ సాయంత్రం స్టాన్లీ ఇంటికెళ్లి చెప్పులు కూడా విప్పకుండా కృపారాణికి అంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచుతూనే ఉంది.

“నాకు తెలుసు,” అంది.

“ఏటి తెలుసు?”

“మన పెళ్లయిన వారానికే మీ అమ్మ సెప్పీసినాది. రాత్రి నువ్వు అటూఇటూ కదిలితే లేచి సూడమన్నాది. నాకు తెలిసినట్టు నీకు తెలియనీకూడదని నా సేత పెమానం సేయించినాది.”

స్టాన్లీ గోడకి చేరబడి కింద కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరూ ఒకే సంగతిని ఒకరికి తెలియకుండా ఒకరు కాపలా కాశారు.

“బైబిలు మీదేనా?” అని అడిగాడు.

“మరి దేని మీద సేయిస్తాది మీ అమ్మ?” చిక్కుడుకాయల చేట అతని ముందుకి తోసింది. “కూకున్నావు కదా, తుంచు.”

*

శుక్రవారం. విశాఖ. బల్ల చుట్టూ ఎనిమిదిమంది. మధ్యలో సర్జను డాక్టర్ గోవిందరావు. అరవైకి దగ్గర్లో ఉన్నాడు. మాటల కంటే కనుబొమలతో ఎక్కువ పని చేస్తాడని పేరు. స్టాన్లీ గోడవార నిలబడ్డాడు.

ప్రిస్కిల్లా పది నిమిషాల్లో చెప్పింది. గోవిందరావు కనుబొమలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

“అమ్మాయ్, నేను ముప్ఫై ఏళ్లుగా తలలు తెరుస్తున్నాను. రంగు బొమ్మ చూసి కత్తి పట్టను.”

“పట్టొద్దు సార్. నా బొమ్మ పక్కన పెట్టెయ్యండి. మామూలు స్కానే తెరవండి. కుడివైపు, నూట పన్నెండో ముక్క. ముందు నుంచి మూడో మడత, అడుగున. మీ కళ్లతోనే చూడండి.”

ఆయన తెరిచాడు. నూట పన్నెండు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి తెరకి దగ్గరగా వంగాడు. పెద్దది చేశాడు. అంతటా తెల్లదానికీ బూడిదరంగుకీ మధ్య అంచు కత్తితో గీసినట్టుంది. ఆ ఒక్క మడత అడుగున మాత్రం అంచు లేదు. తడి కాగితం మీద సిరా పాకినట్టు ఉంది.

ఒక ముక్క ముందుకీ, ఒక ముక్క వెనక్కీ తిప్పి చూశాడు.

“ఇతని పాత స్కానులు రెండూ చూసింది నేనే,” అన్నాడు గోవిందరావు. పక్కనున్న డాక్టరుకి తెర వదిలి, ప్రిస్కిల్లా రిపోర్టు మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాడు. ఈసారి కనుబొమలు లేచాయి. “తియ్యకముందు అంకె కూడా రాశావు.”

“రాయాలి కదా సార్.”

“చాలామంది రాయరు. ఈ తొమ్మిదో మనిషి మాట నిజమేనని నేనెలా నమ్మాలి? ఎవరతను?”

“పేరు చెప్పకూడదు సార్. నియమం.”

ఆయన ఇంకో ప్రశ్న వేసేలోగా గోడ దగ్గర నుంచి గొంతు వినిపించింది. “నేనే సార్. ఎమ్మారై టెక్నీషియన్ని. పేషెంటుకి పెద్దమ్మ కొడుకుని.” స్టాన్లీ రెండు చేతులూ బయటే ఉన్నాయి. “ఎడమ చెయ్యి సార్, నాకూ.”

ఎనిమిదిమందీ అతన్ని చూశారు. గోవిందరావు లేచి వచ్చి, అతని ఎడమ చేతిని పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసి వదిలాడు. “ఎన్నేళ్లుగా రాలేదు?”

“ఇరవై ఏడు.”

“అయితే హాయిగా ఉద్యోగం చేసుకో. ఏడాదికోసారి వచ్చి కనబడు.” వెనక్కి వెళ్లి కూర్చుని ఫైలు మీద తేదీ రాశాడు. “ఏప్రిల్ మొదటివారం. మీ తమ్ముణ్ణి అప్పటిదాకా నీళ్ల దగ్గరికి వెళ్లనివ్వొద్దు.”

మెట్లు దిగుతుంటే ప్రిస్కిల్లా సంచిలోంచి టిఫిను డబ్బా తీసింది. “ఆకలేస్తోందన్నా,” అంది, మెట్టు మీదే కూర్చుని మూత తీసింది.

*

ఏప్రిల్లో ఆదాము తలలోంచి చింతగింజంత ముక్క తీశారు. తీసింది మామూలు పొర కాదని పరీక్షలో తేలింది. ఆ రోజు నుంచి మూర్ఛ రాలేదు. ఏడాది చూసి, బోటెక్కడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. సత్యవతి ఒప్పుకోలేదు. ఇంకో రెండు నెలలు చూసింది. 2017 జూన్ నడుమ, వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ సముద్రంలోకి దిగే రోజున, రెండు షరతుల మీద ఒప్పుకుంది. ఒంటి మీద లైఫ్ జాకెట్టు ఉండాలి. అదే బోటులో గంగులు ఉండాలి.

కళింగపట్నం ఒడ్డున పొద్దున్నే జనం. స్టాన్లీ, కృపారాణి వచ్చారు. ప్రిస్కిల్లా మొదటి బస్సుకి వచ్చింది. ఆదాము వల కుప్ప దగ్గర ఆమెని ఆపాడు. జుట్టు పెరిగి కుట్లు కనిపించడం లేదు.

“ఇదిగో మేడమ్, ఈ ముడీ, ఈ ముడీ. ఆనుకున్నాయా?” రెండు ముళ్లు పట్టుకుని చెరో వైపు లాగాడు. కుప్ప విప్పుకుంటూ పోయింది. ఒకటి అతని చేతిలో, ఇంకోటి నాలుగు బారల అవతల గంగులు చేతిలో తేలాయి. “సూసినారా? మీకు సూపించాలని సంవత్సరం నుంచి అనుకుంతన్నాను.”

“మళ్లీ సర్దేది ఎవడురా?” అన్నాడు గంగులు.

ప్రిస్కిల్లా ఆ వల వంకే చూస్తూ నిలబడింది. దారాన్ని వేళ్ల మధ్య పట్టుకుని ముడి నుంచి ముడికి కాసేపు వెళ్లింది.

బోటు కెరటాలు దాటింది. అలల పైకి లేచి, కిందికి దిగి, మళ్లీ లేచింది. సత్యవతి నీళ్లు పాదాలకి తగిలేంత ముందుకి వెళ్లి నిలబడింది. కన్ను ఆదాము మీదే.

అతని ఎడమ చెయ్యి పైకి లేచింది.

సత్యవతి చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టింది. పక్కన స్టాన్లీ ఒక అడుగు ముందుకి వేశాడు.

చెయ్యి అటూ ఇటూ ఊగింది. అయిదు వేళ్లూ విచ్చుకునే ఉన్నాయి.

“కుడిసెయ్యి లేదేటి ఈడికి,” అంది సత్యవతి. కొంగుతో మొహం తుడుచుకుని, బోటు చిన్నదయ్యేదాకా అక్కడే నిలబడింది.